గోరు చూసే గేటు

“చెయ్యి కదపకండి దానయ్యగారూ, ఇంకొక్క నిమిషం,” అంది డాక్టర్ నాగవేణి.

మైలపల్లి దానయ్య కదపలేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. యాభై ఏళ్లు వల లాగిన ఆ చేతి బొటనవేలు టిఫిన్ బాక్సంత పెట్టెలో ఉంది. పెట్టెలో సన్నటి నీలం కాంతి గోరు మొదలునుంచి కొసదాకా పాకుతోంది. పెదమొగ మత్స్యకార సొసైటీ ఆఫీసులో అడుగు పెట్టే చోటు లేదు. ఊళ్లో మగాళ్లంతా అక్కడే ఉన్నారు. కాసేపటికి స్క్రీన్ మీద గీతలు పడ్డాయి. నాగవేణి వాటిని చూసి, పోయిన నెల రెండోవారంలో మీరు వరసగా నాలుగు రోజులు సముద్రం మీదికి వెళ్లలేదండీ అంది. దానయ్య కాస్త ఆలోచించి, నిజమే, మనవరాలి పెళ్లి అన్నాడు. అందరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. పెళ్లికి పిలవని మనిషి పెళ్లి తేదీ చెప్పేసింది మరి.

ఇందులో మంత్రమేమీ లేదు. మన గోరు నెలకి మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. పెరిగిన ప్రతి పొరలోనూ ఆ రోజు చేతికి తగిలిన వాటి జాడ రవ్వంత ఉండిపోతుంది. సముద్రపు నీళ్లలో స్ట్రాన్షియం, బ్రోమిన్ ఉంటాయి. చేప జిగురులో ప్రోటీన్లు ఉంటాయి. నాగవేణి పెట్టెలోని లేజర్ ఆ పొరల్ని ఒక్కొక్కటే చదివి, ఈ గోరు ఏ రోజు వేటకెళ్లింది, ఏ రోజు ఇంట్లో పడుకుంది అన్నది చెప్పేస్తుంది. అబద్ధం రాయడం చేతకాని డైరీ అన్నమాట. బకెట్లో ఉప్పునీళ్లు పోసుకుని చెయ్యి నానబెట్టినా లాభం లేదు, ఉప్పు దొరుకుతుంది గానీ చేప దొరకదు.

ఇంత తెలివైన పెట్టె పెదమొగకి ఎందుకు కావలసి వచ్చిందంటే, జెట్టీ కోసం. పదేళ్లలో సముద్రం అక్కడి ఇసకంతా తినేసింది. గవర్నమెంటు ఒడ్డు పొడుగునా బండరాళ్లు పోసి, మధ్యలో ఒక్క కాంక్రీటు జెట్టీ కట్టింది. బోట్లు కట్టేది అక్కడే, ఐసూ డీజిలూ ఎక్కించేది అక్కడే. ఆ గేటు దాటలేనివాడికి ఎదురుగా ఎంత సముద్రం ఉన్నా లేనట్టే.

ఆ జెట్టీ మీద సిటీలోని నీలితీరం ఆంగ్లింగ్ క్లబ్బు కన్ను పడింది. గాలం కర్రలు, మడత కుర్చీలు, టోపీలు. సర్కారు డబ్బుతో కట్టిన జెట్టీ అందరిదీ అని వాళ్ల వాదన. సంసారాలు నడిచే చోట మీ సరదాలేమిటని వీళ్ల వాదన. కోర్టు చివరికి, వేట మీద బతికే సభ్యులకే ప్రవేశం అని తీర్పిచ్చింది. గొడవ అక్కడ తీరలేదు, అసలు అక్కడే మొదలైంది. సభ్యుడంటే ఎవరు? కార్డులు పెడితే కార్డులు చేతులు మారాయి. వేలిముద్రల మెషిన్ పెడితే ఇంకా నవ్వులపాలయ్యారు. తాళ్లు లాగి లాగి వీళ్ల వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. మెషిన్ అసలైనవాళ్లని బయట నిలబెట్టి, దొంగదారిన పేరు ఎక్కించుకున్న టోపీవాళ్లని లోపలికి పంపింది. రెండేళ్లలో ముగ్గురి తలలు పగిలాయి.

అప్పుడే అనంతపురం నుంచి వచ్చి యూనివర్సిటీలో గోళ్ల మీద పరిశోధన చేసుకుంటున్న నాగవేణిని వెతుక్కుంటూ సొసైటీ ప్రెసిడెంటు ఒలిశెట్టి ఎల్లాజీ వెళ్లాడు. ఆవిడ సరేనంది. పేర్ల లిస్టులు, కార్డులు అన్నీ రద్దు. గోరే కార్డు. గడిచిన నూట ఇరవై రోజుల్లో నలభై రోజులైనా సముద్రం కనపడితే పచ్చ లైటు, గేటు తెరుచుకుంటుంది. ఏటా ఉండే అరవై ఒక్క రోజుల వేట నిషేధం కూడా లెక్కలోకి తీసుకున్నారు, అది పోయినా ఇంకా యాభై తొమ్మిది రోజులు మిగులుతాయి కదా అని.

మరి ప్రెసిడెంటు చేతిలో మారుతాళం ఒకటి ఉండాలా వద్దా? మీటింగులో ఉండాలన్నవాళ్లే ఎక్కువ. దానయ్య లేచి నిలబడ్డాడు. సొసైటీ పెట్టిన అయిదుగురిలో ఇంకా బతికున్నది ఆయనొక్కడే.

“తాళం మనిసి సేతిలో ఉంటే ఆడికి సుట్టాలుంటారు,” అన్నాడు. “గోరుకి సుట్టాలుండరు. ఎవుడి సేతికీ ఇవ్వొద్దు.”

దానయ్య మాటే నెగ్గింది. పెట్టెలోని ప్రోగ్రామ్ మార్చాలంటే నాగవేణి కీ ఒక్కటే చాలదు, పచ్చ లైటు పడిన సభ్యుడి వేలు కూడా లోపల ఉండాలి, వేలు ఉన్నంతసేపే ప్రోగ్రామ్ తెరిచి ఉంటుంది అని రాసుకున్నారు. గేటు బద్దలు కొడితే బోట్ల లంగరు తాళాలన్నీ బిగుసుకుపోయే ఏర్పాటు కూడా చేయించుకున్నారు. ఎవరినీ నమ్మకుండా ఉండడంలో వాళ్లు ఏ లోటూ చెయ్యలేదు.

మొదటి నెల పండగే. టోపీవాళ్లు వచ్చి వేలు పెట్టడం, ఎర్ర లైటు చూసుకుని కార్లెక్కి పోవడం. ఊరివాళ్లు సంతోషం పట్టలేక నాగవేణికి ఎనిమిది కేజీల వంజరం చేప పంపారు. ఆ అనంతపురం పిల్లకి దాన్ని ఎక్కడ కొయ్యాలో కూడా తెలియలేదు.

ఏప్రిల్ పదిహేనున వేట నిషేధం వచ్చింది, జెట్టీకి తాళం పడింది. ఆ ఏడు నీళ్లు మరీ వేడెక్కి చేపలు ఆలస్యంగా గుడ్లు పెట్టాయి. గవర్నమెంటు నిషేధాన్ని ఒకసారి పొడిగించింది, మళ్లీ పొడిగించింది. ఇంజను బోట్లకే కాదు, తెప్పలకి కూడా. మొత్తం నూట ఇరవై నాలుగు రోజులు. ఊరు పళ్లబిగువున ఆగింది. ఆగస్టు పదిహేడు పొద్దున్న, బోట్లకి పసుపు రాసి, దండలేసి, అందరూ గేటు ముందుకొచ్చారు.

ఎల్లాజీ వేలు పెట్టాడు. ఎర్ర లైటు. తుడుచుకుని మళ్లీ పెట్టాడు. ఎర్ర లైటే. పక్కవాడికీ అంతే, ఆ వెనకవాడికీ అంతే. నూట పన్నెండుమంది పెట్టారు, నూట పన్నెండు ఎర్రలు. ప్రారంభం చూడ్డానికి వచ్చిన నాగవేణి స్క్రీన్ మీద గీతల్ని మళ్లీ మళ్లీ చూసింది. మెషిన్ చెడిపోలేదు. నూట ఇరవై రోజులుగా ఆ గోళ్లలో సముద్రం లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతోంది. ఇంత చిన్న లెక్క ఆవిడకీ తట్టలేదు, ఊళ్లో ఎవరికీ తట్టలేదు. నిషేధం ఎప్పుడెత్తేస్తారా అని చూశారే తప్ప, ఎత్తేసిన రోజు తాము ఎవరో గేటుకి గుర్తుండదని అనుకోలేదు.

“ప్రోగ్రామ్ మార్చెయ్యండమ్మా,” అన్నాడు ఎల్లాజీ.

“పచ్చ పడిన వేలు ఒక్కటి కావాలి,” అంది నాగవేణి. “ఒక్కటున్నా చాలు.”

అందరూ చూపులు దించుకున్నారు. ఈ రోజు గేటు ఎవరికి తెరుచుకుంటే వాడు నిషేధంలో వేటకెళ్లినట్టే. ఫిషరీస్ ఇన్‌స్పెక్టర్ అక్కడే కుర్చీ వేసుకుని ఉన్నాడు. వేటకెళ్లనివాడికి గేటు తెరుచుకోదు, తెరుచుకున్నవాణ్ణి సముద్రం మీదికి వెళ్లనివ్వరు.

దానయ్య గుంపు వెనక నిలబడి ఉన్నాడు. తన గోట్లో ఏముందో ఆయనకి తెలుసు. నిషేధం పడిన రెండో నెల నుంచీ, మిట్టమధ్యాహ్నం కాపలావాళ్లు అన్నాలకి పోయిన వేళ, రాళ్ల సందులోంచి చిన్న తెప్ప జార్చుకుని వెళ్లేవాడు. బోటు దిగని ఆ సందులో తెప్ప దిగుతుంది. పట్టిన నాలుగు చేపల్నీ చాలాసార్లు నీళ్లలోనే వదిలేసేవాడు. ఒడ్డున కూర్చుంటే ఆయనకి ఊపిరాడేది కాదు, అంతే. తప్పని తెలుసు. ఊరంతా ఆగితే తను ఆగలేకపోయినందుకు సిగ్గుపడి పెళ్లానికి కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే నూట పన్నెండు కుటుంబాలు బయట నిలబడాలి. బోట్లు దిగందే వాళ్ల గోళ్లలో సముద్రం పెరిగే దారి కూడా లేదు.

వచ్చి వేలు పెట్టాడు. పచ్చ లైటు.

ఇన్‌స్పెక్టర్ లేచి దగ్గరికి వచ్చాడు.

“నిషేధంలో వేటకెళ్లావా పెద్దాయనా?”

“ఎల్లేను బాబూ.”

“మావా, నువ్వా?” అన్నాడు ఎల్లాజీ. ఆ రెండు మాటలూ దానయ్యకి కేసుకన్నా ఎక్కువ గుచ్చుకున్నాయి. వేలు మాత్రం తియ్యలేదు. తీస్తే ప్రోగ్రామ్ మూసుకుపోతుంది.

ఏం మార్చాలో తొందరగా చెప్పమంది నాగవేణి. తనిఖీ పూర్తిగా తీసేస్తే క్లబ్బువాళ్లు దిగిపోతారని నలుగురు అడ్డుపడ్డారు. అప్పుడు ఇన్‌స్పెక్టర్ ఒక మాట అన్నాడు. నిషేధాన్ని పాటించినవాడే అసలైన మత్స్యకారుడు, కనక ఏప్రిల్ పదిహేనునుంచి నిన్నటిదాకా ఎవరి గోట్లో సముద్రం లేదో వాళ్లకి తియ్యండి, ఉన్నవాడికి మూసెయ్యండి అని. న్యాయంగానే వినిపించింది. గోట్లో సముద్రం లేదంటే కావాలని ఆగినవాడే అని వాళ్లందరి లెక్క. అసలు సముద్రం మొహమే ఎరగని గోళ్లు లోకంలో ఉంటాయన్న సంగతి పుట్టి బుద్ధెరిగాక సముద్రపు ఒడ్డు వదిలి ఉండని ఆ మనుషులకి తోచలేదు. నాగవేణికి ఏదో తేడాగా అనిపించింది గానీ, పెద్దాయన వేలు పెట్టి అప్పటికే చాలాసేపైంది.

“ఇది మారిస్తే మీకే మూసుకుంటుంది దానయ్యగారూ. మార్చమంటారా?”

“మార్సెయ్ తల్లీ. ముందు బోట్లు దిగనీ.”

ఆవిడ లెక్కలో ఆ తేదీలు వేసి, గుర్తు తిరగేసింది. దానయ్య వేలు లోపల ఉండగానే పచ్చ లైటు ఎర్రగా అయింది. గంటలో నూట పన్నెండుమంది లోపలికి వెళ్లారు. వెళుతూ చాలామంది ఆయన మొహం చూడలేదు. కోపంతో కొందరు, చూడలేక కొందరు.

అయిదోరోజు కార్లు వచ్చాయి. టోపీవాళ్లు ఆశ లేకుండానే వేళ్లు పెట్టారు. పచ్చ, పచ్చ, పచ్చ. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా వాళ్ల గోళ్లలో సముద్రం చుక్క కూడా లేదు. ఊరందరికన్నా శుభ్రమైన గోళ్లు. ఎల్లాజీ ఫోన్లో నాగవేణి మీద విరుచుకుపడ్డాడు. ఆవిడ అంతా విని, పాత లెక్కే మళ్లీ పెట్టమంటే ఇప్పుడే పెడతానండీ, కానీ మీకెవరికీ నలభై రోజులు లేవు, మళ్లీ ఊరంతా బయటే అంది. నలభై రోజులయ్యాక పెడదామన్నాడు. అప్పటికి వాళ్లకీ నలభై అవుతాయి అంది. నిజమే, అది విన్నట్టే వాళ్లు రోజూ రావడం మొదలుపెట్టారు.

దానయ్య రోజూ పొద్దున్నే వచ్చి గేటు బయట బండరాళ్ల మీద కూర్చుంటాడు. నిషేధం రోజుల పొర పెరిగి పెరిగి గోటి కొసకొచ్చి తెగిపోవాలంటే ఫిబ్రవరి దాటాలని నాగవేణి చెప్పింది. తెప్పని ఇన్‌స్పెక్టర్ పట్టుకుపోయాడు. బోట్లు వెళ్లడం చూస్తాడు, రావడం చూస్తాడు. పిలిచి పలకరించేవాళ్లు తగ్గారు.

ఒకరోజు క్లబ్బాయన ఒకడు, రిటైరైన బ్యాంకు మేనేజరు, మంచివాడే, గాలం కర్ర భుజాన వేసుకుని ఆయన దగ్గర ఆగాడు. వారం నుంచీ వస్తున్నా ఒక్క చేపా పడలేదని, ఇక్కడివాళ్లలా ఉన్నారు కదా, ఎక్కడ వెయ్యాలో కాస్త చెబుతారా అని చాలా మర్యాదగా అడిగాడు.

దానయ్యకి ఒళ్లు మండింది. ఈ మనిషిని రానివ్వకూడదనే కదా రెండేళ్లు కొట్టుకు చచ్చింది. చెప్పకూడదు అనుకున్నాడు. కానీ నెల రోజులుగా సముద్రం గురించి ఆయన్ని అడిగినవాడు ఇంకొకడు లేడు.

“ఆ సివరన మూడో స్తంభం కాడ ఏసుకో బాబూ,” అన్నాడు. “పోటు తిరిగేదాకా ఉండు. రొయ్య గుచ్చు, పండుగప్ప పడతాది.”

ఆయన థాంక్స్ చెప్పి, గేటులో వేలు పెట్టి లోపలికి వెళ్లాడు. దానయ్య రాయి మీద కాస్త జరిగి కూర్చుని, గాలం సరిగ్గా వేస్తున్నాడో లేదో అని మెడ చాపి చూశాడు.