రంగస్వామికి లేని మూడేళ్లు

పత్తికొండ టమాటా మార్కెట్ కోడి కంటే ముందు లేస్తుంది. అందుకే నరసన్న కూడా కోడి కంటే ముందే లేచి, తలకు తువ్వాలు చుట్టుకుని, టమాటా బాక్సులు మోయడానికి వెళ్లిపోయాడు. ఆయన భార్య మహాదేవి ఉగ్గాని కోసం బొరుగులు నానబెట్టి పిండుతూ, వసారాలో పడుకున్న కొడుకు వైపు చూసింది. చాప అయిపోయింది గానీ రంగస్వామి అయిపోలేదు. మోకాళ్ల నుంచి కిందంతా ఉత్త బండల మీదే ఉంది. కుడి మణికట్టుకు కట్టు.

ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. "మీవోనికి ఆకాశంలో ఏమన్నా పనుండాదా మహాదేవీ" అని వీధిలో ఆడవాళ్లు ఆటపట్టిస్తుంటారు. ఉగాదికి కుట్టించిన ప్యాంటు దసరాకల్లా చీలమండల పైకి వచ్చేసింది. ఇరవై ఏళ్లు నిండినవాడు ఇంకా పెరగడమేమిటని దర్జీ అడిగితే, తిండి అట్లాంటిదని మహాదేవి నవ్వేసి వచ్చింది. ఆ నవ్వు ఆమెకు ఎంత కష్టమైందో దర్జీకేం తెలుసు.

రంగస్వామి బెంగళూరులో జీతమిచ్చి ఆడించే ఒక బాస్కెట్‌బాల్ జట్టులో ఎనిమిది నెలలు ఉన్నాడు. ఉన్నాడంటే బెంచీ మీద ఉన్నాడు. మొత్తం మీద ఆడనిచ్చింది నలభై నిమిషాలు కూడా కాదు. పోయిన నెల సాధనలో పడి చెయ్యి బెణికితే, మళ్లీ కాంట్రాక్టు ఇవ్వడం లేదని చెప్పి పంపించేశారు. గోరుచుట్టు మీద రోకటి పోటు.

"రేపు పొద్దున బస్సుకు ఎర్రగుంట్లకు పోతాండామ్మా," అన్నాడు ఉగ్గాని తింటూ. "నాగరాజ్ మామ సిమెంటు లారీల కాడ పని చూసినాడు. చెయ్యి బాగయ్యేదాకా టార్పాలిన్లు కట్టుకోమన్నాడు, ఆమీద లోడింగు."

"మరి ఆట?"

"అయిపోయింది లే. ఇరవై ఏళ్లకు ఇంతేనంటే వీడింక ఎదగడు అని కోచ్ చెప్పినాడు, నా ముందరే. ఆయప్ప చెప్పింది అబద్ధం కాదు. పద్దెనిమిదేళ్ల పిల్లోడు నన్ను భుజంతో తోసేసి పోతాడు. బడిలో కూడా అంతే గదా, ఎప్పుడూ ఎనకబెంచీనే. నాలోనే ఏదో తక్కువుండాది."

మహాదేవి నోటి దాకా వచ్చిన మాటను మింగేసింది. ఆ మింగడం ఆమెకు పదిహేడేళ్ల అలవాటు.

ఆమెకు మొదటి కాన్పులో పుట్టిన కొడుకు రెండున్నరేళ్లకు జ్వరంతో పోయాడు. అప్పటికి ఆమెకు మూడో నెల. చేను గట్టున పిల్లవాణ్ని పూడ్చి వచ్చిన రోజునే ఆడబిడ్డ పెద్దక్క ఆమె నోరు మూసింది. "ఏడువద్దు. వాడు యాడికీ పోలేదు, నీ కడుపులోకే తిరిగొస్తాండాడు. పోయినాడని నువ్వు నోరిడిస్తే ఈసారి నిజంగా పోతాడు," అంది. అన్నట్టే రెండోవాడు కూడా పెద్దవాడిలాగే శ్రావణంలోనే పుట్టాడు. అదే పేరు పెట్టారు. పెద్దవాడి మరణాన్ని ఎక్కడా రాయించలేదు. చిన్నవాడు ఇంట్లోనే పుట్టాడు గనుక అతనికి వేరే కాగితమూ లేదు. గుంటూరు వైపు మిరపకోతలకు సుగ్గికి వలస పోవలసి వచ్చి, పిల్లవాణ్ని బడి హాస్టల్లో వదలాలంటే ఆరేళ్లు నిండాలన్నారు. నాలుగేళ్లు కూడా నిండని రంగస్వామి చేతిలో పెద్దవాడి పుట్టినరోజు కాగితం పెట్టి పంపించారు. పొడుగు కదా, ఎవరికీ అనుమానం రాలేదు. తరువాత సొంత ఊరు విడిచి పత్తికొండకు వచ్చేశారు. పెద్దక్క కూడా కాలం చేసింది. ఆమె పెట్టిన కట్టుబాటు మాత్రం ఇంట్లో అట్లాగే మిగిలిపోయింది.

పదిగంటలప్పుడు ఉమామహేశ్ సార్ వచ్చాడు. కర్నూలులో రంగస్వామికి మొదట బంతి పట్టుకోవడం నేర్పింది ఆయనే. చేతిలో పెద్ద కవరుంది. నీళ్లు కూడా తాగకుండా అందులోంచి ఎక్స్‌రే తీసి వాకిలి వెలుగుకు పట్టాడు.

"ఇది మీవోని మణికట్టు. బెంగళూరు డాక్టరు నాకు తెలిసినాయన, పంపించినాడు. ఈ ఎముక చివర సన్నగీత కనపడతాందా అమ్మా? ఎముక ఇంకా పెరుగుతాందని గుర్తు. ఇరవై ఏళ్లోనికి ఇది ఉండేది శానా అరుదంట. పదిహేడుకు మించదు ఈ చెయ్యి అని చెప్పినాడాయన."

రంగస్వామి నవ్వాడు. "తప్పు తీసింటారు సార్."

"నేనూ అట్లనే అనుకుంటి. మళ్లీ చూడమన్నా, ఇంకో డాక్టరుకూ చూపించినా. ఇద్దరిదీ ఒకటే మాట." ఉమామహేశ్ సార్ మహాదేవి వైపు తిరిగాడు. "పదిహేనేండ్ల నుంచి పిల్లోళ్లకు నేర్పిస్తాండానమ్మా. పదిహేడేళ్లకే ఇట్ల ఆడేటోడు నా చేతికి ఇంకొకడు రాలేదు. మేమందరం వీణ్ని ఇరవై ఏళ్లోళ్ల పక్కన నిలబెట్టి, పనికి రాడని పారేసినాము. నాతో సహా. పద్దెనిమిది లోపు పిల్లోళ్లకు వచ్చే నెల పెద్ద శిబిరానికి ఎంపికలుండాయి. నిజం చెప్పు తల్లీ, వీనికెన్నేళ్లు?"

మహాదేవి కొంగు చేతికి చుట్టుకుంది. "కాగితంలో ఏముంటే అదే సార్."

"కాగితం సంగతి కాదు నేనడిగేది."

అప్పుడే మార్కెట్ నుంచి నరసన్న వచ్చాడు, చొక్కా నిండా టమాటా రసం. సార్ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. వింటున్నకొద్దీ నరసన్న ముఖం మారిపోయింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మర్యాదగానే అన్నాడు.

"సార్, మీరు మావోనికి శానా చేసినారు, కాదనను. ఈ మాట మాత్రం ఇడిసిపెట్టండి. పోయినోని ఊసు ఈ ఇంట్లో ఎత్తగూడదు."

తానేమన్నాడో నరసన్నకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

"పోయినోడెవరు నాయనా?" అన్నాడు రంగస్వామి.

నరసన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కొడుకు తల్లి వైపు చూశాడు. ఆ చూపు ముందు మహాదేవి ఇంక నిలవలేకపోయింది. గోడకు ఆనుకుని కూర్చుని అంతా చెప్పింది. జ్వరం, గట్టు, పెద్దక్క మాట, హాస్టలు, కాగితం. చెబుతున్నంతసేపూ కళ్లలో తడి లేదు. ఏడవకూడదన్నది అంత లోతుకు పోయింది.

రంగస్వామి చేతి కట్టు చూసుకున్నాడు.

"ఒకటో తరగతిలో నాకు పలక పట్టుకునేది రాలేదని ఐవోరు నెత్తిన మొట్టేవాడు," అన్నాడు. "ఏడేళ్లొస్తాండాయి, ఇంకా లాగులో తడుపుకుంటాండాడని హాస్టల్లో అందరూ నవ్వేవాళ్లు. నాకప్పుడు నాలుగేళ్లా? బెంగళూరులో నాకంటే మూడేండ్లు పెద్దోళ్లతో సమానంగా బరువులెత్తలేక బాత్రూములో ఏడ్చినానమ్మా. నేను మొద్దునని నమ్మినా. నాకు నేనే చెప్పుకున్నా. నీకు తెలుసు గదా, ఒక్క మాట చెప్పకపోతివి."

"చెప్తే నువ్వు కూడా..." అంది మహాదేవి.

"మీరు నన్నెప్పుడన్నా చూసినారా అసలు? నన్ను చూస్తా వాణ్నే చూసుకుంటిరి."

"రేయ్," అన్నాడు నరసన్న. కోపం కాదది, భయం. "మా అక్క చెప్పింది, మేము నమ్మినాము. ఒకణ్ని మట్టిలో పెట్టొచ్చినోనికి ఏం చెప్పినా నమ్ముతాడురా. నువ్వు బతికితే చాలనుకున్యాం. ఆటలొస్తాయని, వయసు అడుగుతారని మాకేం తెలుసు."

ఉమామహేశ్ సార్ ఎక్స్‌రేను కవరులో పెట్టాడు. కాగితం మార్చడం సులభం కాదని, ముందు పెద్దపిల్లవాడు చనిపోయినట్టు తల్లి ఒప్పుకుని రాసివ్వాలని చెప్పాడు. వచ్చే నెల ఎంపికలకు ఇది అందుతుందన్న ఆశ తనకూ లేదన్నాడు. వయసు తగ్గించుకునే దొంగలని జట్టువాళ్లు అనుమానించినా అనుమానిస్తారు. అయినా మొదలు పెట్టమని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలగలేదు. తెల్లవారి రంగస్వామి సంచి సర్దుకుని ఎర్రగుంట్ల బస్సుకు బయలుదేరుతుంటే, మహాదేవి చెప్పులేసుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"బస్సు ఇడిసిపెట్టు. మనూరికి పోదాం రా, గ్రామ సచివాలయానికి."

"వద్దు మహాదేవీ," అన్నాడు నరసన్న లోపలి నుంచి.

"వద్దొద్దంటానే వీని మూడేండ్లు తినేస్తిమి. రేపు వీని నెత్తిన సిమెంటు మూటలు కూడా మనమే పెట్టాల్నా?" అంది ఆమె వెనక్కి చూడకుండా.

వాళ్లు బస్టాండు చేరేసరికి నరసన్న వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

ఊళ్లో పంచాయతీ కార్యదర్శి రాహేలమ్మ నెమ్మదైన మనిషి. ఆలస్యంగా రాయించే మరణానికి పైఅధికారి ఆర్డరు కావాలని, ఊరివాళ్ల సాక్ష్యాలు కావాలని, నెలలు పడుతుందని చెప్పింది. పదో తరగతి సర్టిఫికెట్ సంగతి కోర్టు దాకా పోవచ్చు, అప్పటికీ ఏమవుతుందో తాను చెప్పలేనంది. రంగస్వామి తల వంచుకున్నాడు. శిబిరం తనకు అందదని అక్కడే తేలిపోయింది.

"అయినా రాయి తల్లీ," అంది మహాదేవి.

రాహేలమ్మ దరఖాస్తు ముందుకు లాక్కుంది. "చనిపోయిన వారి పేరు?"

మహాదేవి తల ఎత్తింది. పక్కనే కొడుకు నిలబడి ఉన్నాడు, తల దూలానికి తగులుతుందేమో అన్నట్టు. ఆమె ఒక చేత్తో అతని చొక్కా అంచు పట్టుకుంది.

"రంగస్వామి," అంది.

"ఈ అబ్బాయి పేరు కాదమ్మా. చనిపోయిన బిడ్డ పేరు."

"ఇద్దరికీ అదే."

రాహేలమ్మ కలం ఆపి ముగ్గుర్నీ చూసింది. తరువాత ఏమీ అడగకుండా రాసుకుంది. "వయసు?"

"రెండేండ్ల ఆరు నెల్లు."

చెప్పిందో లేదో, మహాదేవి నేల మీద కూలబడిపోయింది. పదిహేడేళ్లుగా లోపలే ఆగిపోయిన ఏడుపు ఒక్కసారిగా బయటికి వచ్చింది. ఆ ఏడుపుకు వాకిట్లో పింఛను కోసం కూర్చున్న ముసలివాళ్లు లేచి వచ్చారు. నరసన్న గోడ వైపు తిరిగి తువ్వాలుతో ముఖం మూసుకున్నాడు.

రంగస్వామి ఆమె పక్కన కూర్చున్నాడు. నిన్నటి కోపం ఇంకా ముఖంలో ఉంది, అంత తొందరగా పోయేది కాదది. అయినా మంచి చెయ్యి తల్లి వీపు మీద వేశాడు.

"వాడు ఎట్లుండేవాడమ్మా?" అని అడిగాడు.

ఇంతవరకు ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. మహాదేవి కొడుకు ముఖంలోకి చూసింది. చూస్తూ చూస్తూ, మొదటి రోజు నుంచే తనకు తెలిసిన మాట చెప్పింది.

"పొట్టోడు నాయనా. నల్లగా, బొద్దుగా ఉండేవాడు. నీ మాదిరి కానే కాదు."