ఫైర్ డోర్ కింద చెక్కముక్క

మధ్యాహ్నం మూడూ ఇరవైకి ఇన్‌స్పెక్టర్ జీపు దిగేసరికి మంటలు ఆరిపోయాయి. శవం మాత్రం ఇంకా మెట్ల మీదే ఉంది.

రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మలుపులో, గోడకి చేరగిలబడి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉన్నాడు వాచ్‌మన్. ఒంటి మీద కాలిన గాయం ఒక్కటీ లేదు. ముక్కు చుట్టూ మసి.

"పొగ," అంది ఇన్‌స్పెక్టర్.

అది పాత గోడౌన్. ఆరు నెలలు పనిచేసి, ఉద్యోగాలు చేసే ఆడపిల్లలకి హాస్టల్‌గా మార్చారు. గదికో రంగు కర్టెన్. కిటికీకో బుల్లి పూలకుండీ. చూడముచ్చటగా ఉంది. ఆ ముచ్చటే ఆమెకి గుబులు పుట్టించింది.

నిప్పు పుట్టింది కింద స్టోర్ రూమ్‌లో. రెండూ పదికి. షార్ట్ సర్క్యూట్. ఫైరింజన్ వాళ్ళు వీధివైపు షట్టర్ ఎత్తి, రెండూ నలభైకల్లా ఆర్పేశారు. స్టోర్‌కీ మెట్లకీ మధ్య ఫైర్ డోర్ ఉంది. అది మూసి ఉంటే గంటసేపు మెట్లవైపు పొగ రాకూడదు.

అది బార్లా తెరిచి ఉంది. కదలకుండా కింద ఒక చెక్కముక్క దూర్చి ఉంది.

"చూశారుగా మేడమ్," అన్నాడు పనులన్నీ దగ్గరుండి చేయించిన సైట్ సూపర్‌వైజర్. "ఆ తలుపు తెరిచి పెట్టొద్దని ముసలాయనకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. గాలాడట్లేదని చెక్క పెట్టేవాడు. పోయినవాళ్ళని అనకూడదు గానీ, చేజేతులా చేసుకున్నాడు."

"అబద్ధం!"

వాచ్‌మన్ కూతురు. బట్టల షాపు యూనిఫాంతోనే పరిగెత్తుకొచ్చింది.

"మా నాన్న తలుపు తెరిచి వదిలే మనిషి కాదు మేడమ్. ఇంట్లో ఫ్రిజ్ తలుపు పడిందో లేదో మూడుసార్లు నొక్కి చూసేవాడు. మేం నవ్వేవాళ్ళం."

"నేను కళ్ళముందు చెక్క చూపిస్తుంటే నువ్వు ఫ్రిజ్ కథ చెప్తావేంటమ్మా?"

కానిస్టేబుల్ అప్పటికే రిపోర్టులో 'మృతుడి నిర్లక్ష్యం' అని రాసేశాడు. అతనికి పెళ్ళయి ఇరవై రోజులు.

"ఏం కొత్త పెళ్ళికొడుకా, ఇంటికెళ్ళే తొందరలో కేసు కూడా ముగించేశావా?" అంది ఇన్‌స్పెక్టర్.

అతను సిగ్గుపడ్డాడు. "చెక్కకి ఫొటో కూడా తీశాను మేడమ్."

"పైనుంచి తీశావు." ఆమె సూపర్‌వైజర్ వైపు తిరిగింది. "మంటలు ఆరాక ఇటు ఎవరొచ్చారు?"

"నేనే. కరెంటు మెయిన్ ఆపడానికి."

"ఎన్నింటికి?"

"మూడు... మూడవుతుంది."

"మెట్లెక్కిన ఫైర్ వాళ్ళు తలుపు చూశారా?"

"పొగలో అరచెయ్యే కనపళ్ళేదన్నారు మేడమ్," అన్నాడు కానిస్టేబుల్.

"వాచ్‌మన్ పైకెందుకెళ్ళాడు?"

"పైన నలుగురు పిల్లలు నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నారు," అంది కూతురు. "తలుపులు బాది లేపాడంట. వాళ్ళని డాబా ఎక్కించి, రెండో అంతస్తులో ఇంకెవరైనా ఉన్నారేమోనని దిగాడంట."



ఇన్‌స్పెక్టర్ మోకాళ్ళ మీద కూర్చుంది. చెక్కముక్కని మెల్లగా లాగింది. తిప్పింది.

పైన లేత పసుపు చెక్క. అడుగున కారునలుపు. అది తీసిన చోట నేల కూడా నల్లగానే ఉంది.

"పాత క్యాలెండర్ తీస్తే వెనక గోడ ఎలా ఉంటుంది?"

"తెల్లగా," అన్నాడు కానిస్టేబుల్.

"ఇది ముందునుంచీ ఇక్కడే ఉంటే, దీని కింద నేలా అలాగే ఉండాలి. మసంతా నేల మీద పడ్డాక దీన్ని తెచ్చి పెట్టారు."

తలుపు ఇవతలికి లాగింది. దాని చాటున గోడా నల్లగానే ఉంది.

"మసి పట్టేటప్పుడు ఈ తలుపు మూసే ఉంది."

"మరి పొగెలా వచ్చింది మేడమ్?"

ఆమె తల పైకెత్తింది. తలుపు పైన పొగచూరి బూడిదరంగుకి తిరిగిన ఫాల్స్ సీలింగ్. ఒక్క పలక అంచుల చుట్టూ మాత్రం కాటుక గీసినట్టు చిక్కటి నలుపు.

నిచ్చెన వేశారు. పలక జరిపారు. టార్చి వెలుగులో పాత గోడ కనిపించింది. గోడలో స్టోర్ వైపుకి బిందె పట్టేంత కన్నం. అందులోంచి బొటనవేలంత లావున రెండు ఏసీ పైపులు. మిగతాదంతా ఖాళీ.

"పాత బిల్డింగ్ మార్చేటప్పుడు ఇలాంటి గోడకి కన్నం పెడితే, మంటనాపే మసాలాతో పూడ్చాలి. ఫైర్ ఆఫీసర్‌కి చూపించాకే సీలింగ్ వెయ్యాలి. రూల్ తెలుసా?" అని సూపర్‌వైజర్‌ని అడిగింది.

"తెలుసు."

"ఎందుకు పూడ్చలేదు?"

సూపర్‌వైజర్ మెడ తుడుచుకున్నాడు. "పైపులవాడు మేస్త్రీ పూడుస్తాడనుకున్నాడు. మేస్త్రీ అది పైపులవాడి పనే అన్నాడు. ఈలోపు సీలింగ్‌వాడొచ్చి మూసేశాడు."

"మీరు?"

"ఓపెనింగ్ దగ్గరపడింది మేడమ్. తర్వాత విప్పి పూడుద్దామనుకున్నా."

"ఆఫీసర్‌కి?"

"మూసేశాకే చూపించాం."

"ఇవాళ పొగ చూడగానే ఆ కన్నం గుర్తొచ్చింది. అందుకే చెక్క పెట్టారు. అవునా?"

అతను చెక్కముక్క మీంచి చూపు తిప్పుకున్నాడు.

"ఇలా మూసేసినవి ఇంకెన్ని బిల్డింగులు?"

వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. రెండో చేతికి వచ్చేసరికి ఆమె చూడలేక ఫోన్ తీసి ఫైర్ స్టేషన్‌కి చేసింది.

కూతురు తలుపుని తాకింది. "అంటే... తలుపు మూసే వెళ్ళాడా?"

"మూసే వెళ్ళాడమ్మా. దీన్ని నమ్మే అన్ని మెట్లెక్కాడు."

కానిస్టేబుల్ గబగబా 'నిర్లక్ష్యం' మీద గీత కొట్టాడు. కూతురు వంగి చూసింది.

"కనిపిస్తోంది సార్."

ఇంకో గీత కొట్టాడు. ఇంకోటి. కాగితం చిరిగేలా ఉంది. మాట కనిపిస్తూనే ఉంది.

"కొత్త కాగితం మీద రాయండి సార్. ఎంతసేపైనా ఉంటాను."

అతను కొత్త కాగితం తీసి, అట్ట మీద సరిగ్గా పరుచుకున్నాడు.

"మొదట్నుంచీ చెప్పమ్మా. మీ నాన్నగారి పేరు?"