గొడుగు జవాబు

"ఇంటర్వ్యూలో ఒకడు గొడుగు గురించి మాట్లాడతాడు. వాణ్ణి పట్టుకో" అన్నాడు చీఫ్.

తార్నాక చౌరస్తాలో ఆగివున్న నల్ల అంబాసిడర్ వెనక సీట్లో ఏజెంట్ రాజలింగు తెల్లగడ్డం అతికించుకుంటున్నాడు. అది 1968. యూనివర్సిటీ క్యాంపస్‌లోకి కొత్తగా వచ్చిన కంప్యూటర్‌కు ప్రోగ్రామర్ కావాలి. ఆ మెషీన్ మీదే మిలిటరీ సీక్రెట్ కోడ్ తయారుకాబోతోంది. ఆ ఉద్యోగంలో తమ మనిషిని దూర్చాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది.

"టిప్ ఎవరిచ్చారు సార్?"

"మన ఇన్‌ఫార్మర్. ఫోన్లో గొంతు వినడమే, మనిషిని చూడలేదు."

ఢిల్లీ ఎక్స్‌పర్ట్ వేషంలో రాజలింగు బోర్డులో కూర్చున్నాడు. మొదటి అభ్యర్థి మొగిలి, లాలాగూడ రైల్వే ఫిట్టర్ కొడుకు.

"సిస్టమ్‌కు ఫంక్షనల్ రిక్వైర్‌మెంట్స్, నాన్‌ఫంక్షనల్ రిక్వైర్‌మెంట్స్ అని రెండుంటాయి. తేడా చెప్పు" అన్నాడు చైర్మన్ భీమయ్య.

"గొడుగు వానను ఆపాలె సార్. అది చెయ్యాల్సిన పని, ఫంక్షనల్. బరువుండొద్దు, గాలికి ఉల్టా కావద్దు. ఆ పని ఎంత మంచిగ చెయ్యాలె అన్నది నాన్‌ఫంక్షనల్."

రాజలింగు వాచీ మీద బటన్ నొక్కాడు. వెనక తలుపులోంచి ఇద్దరు మఫ్టీవాళ్లు వచ్చి మొగిలి రెక్కలు పట్టుకున్నారు. ఒకడు చెంప ఛెళ్లుమనిపించాడు.

"నేనేం చేసిన సార్?" అంటూనే ఉన్నాడు మొగిలి. అతన్ని ఎక్కించుకుని జీపు వెళ్లిపోయింది.

ఇంత సులువా అనుకున్నాడు రాజలింగు. ఆ సంబరం రెండో అభ్యర్థి బిక్షపతి నోరు తెరిచేదాకానే. అతనూ గొడుగే చెప్పాడు. తర్వాత వచ్చిన సోమమ్మ కూడా గొడుగే!

"ఈ గొడుగు ఎవరు చెప్పారమ్మా?" అడిగాడు రాజలింగు.

"మొగిలన్న సార్. గాయనకేమో బయట బెంచీ మీద నల్లద్దాల అక్క చెప్పిందట. ఎవ్వరికి చెప్పకన్నదట గాని, మొగిలన్న కడుపుల ఏం దాచుకోడు. లోపలికి పొయ్యేముందు అందరికి చెప్పిండు."

'ఎంత పాపం చేశావురా! ఏమీ ఎరగని పిల్లాణ్ణి కొట్టించావు' అని రాజలింగు తనను తానే తిట్టుకున్నాడు.

చివరి అభ్యర్థి లోపలికి వచ్చింది. సిల్కు చీర, నల్లద్దాలు, గది నిండా సెంటు. పేరు మాత్రం భూదేవి!

"కంప్యూటర్ లెక్క చెయ్యాలి, అది ఫంక్షనల్" అందామె చిలకలా. "త్వరగా, తప్పు లేకుండా, పరాయివాళ్ల కంట పడకుండా చెయ్యాలి. అది నాన్‌ఫంక్షనల్."

"శభాష్!" చైర్మన్ మురిసిపోయి అపాయింట్‌మెంట్ ఆర్డర్ మీద పెన్ను పెట్టాడు.

"ఆగండి!" అన్నాడు రాజలింగు. "మొగిలికి గొడుగు నేర్పారు. మీరు దాని ఊసే ఎత్తలేదేం మేడమ్?"

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. లిప్‌స్టిక్ తీసింది. రాజలింగు ఎగిరి ఆమె మణికట్టు పైకి లేపాడు. ఢాం! లిప్‌స్టిక్ పిస్తోలు తూటా పైకప్పుకు తగిలి, సున్నమంతా చైర్మన్ బట్టతల మీద రాలింది.

"మీ ఇన్‌ఫార్మర్‌నీ నేనే" అంది ఆమె బేడీలు పడుతుంటే. "ఒకణ్ణి పట్టుకుని మీరు సంబరపడుతుంటే నేను ఉద్యోగంలో చేరిపోదామనుకున్నా. వాడు నోరు మూసుకుని ఉంటేనా!"

చీఫ్ ఫోన్లో మెచ్చుకున్నాడు. ఒక్క మాటా రాజలింగు చెవికెక్కలేదు. తనే జీపు తోలుకుంటూ పోయి మొగిలిని వెనక్కి తీసుకొచ్చాడు. పిల్లాడి చెంప వాచింది. చొక్కా జేబు చిరిగింది. అతని ఎదుట గడ్డం పీకేసి, "తప్పు నాదే తమ్మీ. నన్ను మన్నించు" అన్నాడు.

"మా నాయినకు చెప్పకుండ్రి సార్. వర్క్‌షాప్‌ల తెలిస్తే ఇజ్జత్ పోతది" అన్నాడు మొగిలి. కళ్లు తుడుచుకుని చైర్మన్ వైపు తిరిగాడు. "నా ఇంటర్వ్యూ సగంలనే ఆగింది సార్."

"కూర్చో. అదే ప్రశ్న. ఈసారి నీ సొంత ఉదాహరణ చెప్పాలి."

మొగిలి చెంప తడుముకున్నాడు.

"దొంగను పట్టుకునుడు ఫంక్షనల్ సార్. అసలు దొంగనే పట్టుకునుడు, ఉత్తపున్యానికి ఎవ్వర్ని కొట్టకుండ పట్టుకునుడు నాన్‌ఫంక్షనల్."

చైర్మన్ ఆర్డర్ మీద మొగిలి పేరు రాసి సంతకం చేశాడు. నెత్తి మీది సున్నం దులుపుకుంటూ రాజలింగును అడిగాడు: "ఎక్స్‌పర్ట్‌గారూ, తేడా మీకూ అర్థమైందా?"