బంగారం ఎవరు?

పొయ్యి మీద టీ పొంగిపోతున్నా తల్లికి పట్టలేదు. కళ్ళు ఫోన్‌లోనే ఉన్నాయి. లాండ్రీలో రోజంతా హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేసే నడుముకు ఎంత నిద్రయినా చాలదు. ఈ మధ్య ఆ కాస్త నిద్రా కరువైంది.

కూతురి ఫోన్ బాగుచేయిస్తానని పట్టుకెళ్ళి, లాండ్రీలో తనతో పనిచేసే అమ్మాయి చేత రహస్యంగా నిఘా యాప్ పెట్టించిన దగ్గర్నుంచీ ఇదే వరస. పిల్ల ఎక్కడుందో తల్లి ఫోన్‌లో ఓ చుక్క చూపిస్తుంది. ఎవరితో ఎంతసేపు మాట్లాడిందో చెబుతుంది. మాటలు మాత్రం వినిపించదు. వినపడని ఆ మాటలన్నీ తల్లే ఊహించుకుంటోంది, అవీ చెడ్డవే.

రోజూ 'బంగారం' అనే పేరుకు గంటల తరబడి ఫోన్లు. కాలేజీ అయ్యాక చుక్క ఏదో అపార్ట్‌మెంటు దగ్గర ఆగిపోతుంది. లారీ మీద ఊళ్ళు తిరిగే భర్తకు చెప్పుకుంటే, "నోటితో అడిగితే పోయేదానికి ఈ తంటా ఏంటే?" అన్నాడు. అడగడానికే ఆమెకు భయం.

కూతురు చెప్పులు వేసుకుంటూ, "అమ్మా, ఇవాళ లేటవుతుంది. లైబ్రరీలో పనుంది" అంది.

"లైబ్రరీ బంగారం వాళ్ళింట్లో ఉందా?"

నోరు జారింది. కూతురు చటుక్కున వచ్చి తల్లి చేతిలోని ఫోన్ చూసింది. తెర మీద చుక్క సరిగ్గా వాళ్ళింటి మీదే మెరుస్తోంది.

"నా ఫోన్‌లో ఏం పెట్టావ్?"

"కన్నదాన్ని, భయమేసి పెట్టాను. ఎవడు వాడు?"

"వాడా!" కూతురికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "అబద్ధం చెప్పడం నా తప్పే. కానీ నన్ను దొంగని చూసినట్టు చూశావమ్మా. మన వాళ్ళల్లో పాలవాణ్ణీ పిల్లినీ కూడా బంగారం అని పిలిచేదెవరు?"

తల్లి కుర్చీలో కూలబడింది. అక్క! అమ్మ పోయిన రోజు ఆలస్యంగా వచ్చిందని నలుగురిలో ఓ మాట అంది తను. అక్క రెండు అంది. ముందు ఎవరు పలకరించాలన్న పంతంతోనే ఏళ్ళు గడిచిపోయాయి.

"ఆవిడ పేరెత్తొద్దన్నావుగా, అందుకే దాచాను. పెద్దమ్మకి కంటి ఆపరేషనయింది. చెయ్యి వణుకుతోంది, సాయంత్రం చుక్కలు నేనే వేస్తున్నా."

"మరి గంటల తరబడి ఆ ఫోన్లు?"

"నీ గురించే. తిన్నదా, నడుం నొప్పి తగ్గిందా, ఇంకా కోపంగానే ఉందా... రోజూ అవే అడుగుతుంది."

తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కన్నీళ్ళు ఆగలేదు.

"ఆ యాప్ తీసిపారెయ్ తల్లీ. నాకు తీయడం రాదు. తీశాక... నీ ఫోన్‌లోంచే ఆ నంబరు కలుపు."

అవతల వెంటనే ఎత్తారు. "చెప్పు బంగారం. ఇవాళ రాలేవా? పోన్లే, మీ అమ్మ ఎలా ఉంది?"

తల్లి చప్పున ఫోన్ అందుకుంది. ఎంత ఆపుకున్నా ఒక్క వెక్కు బయటపడింది.

"చంటీ... నువ్వా?"

చిన్నప్పటి ఆ పేరు విని ఎన్నాళ్ళయిందో!

"నేనేనక్కా" అంది తల్లి, బావురుమంటూ. "ఇవాళ చుక్కలు నేనొచ్చి వేస్తాను."