ట్యాంకు మీద లెక్కపెట్టే ఆమె

అనంతసాగరం అవతల ఒక ఊళ్ళో, గుట్ట పక్కన నీళ్ళ ట్యాంకు ఉంది. కట్టి పదేళ్ళయినా చుక్క నీరు ఎక్కలేదు. చెడ్డపేరు మాత్రం కట్టినప్పుడే ఎక్కింది. మేస్త్రీ ఒకడు పైనుంచి పడ్డాడట. కాలు విరిగింది, కట్టు కట్టించుకున్నాడు, ఇప్పటికీ బద్వేలులో దర్జాగా ఇళ్ళు కడుతున్నాడు. అయినా సరే, దెయ్యమై ట్యాంకు మీద తిరుగుతున్నాడని ఊరంతా నమ్మకం. మనిషి చచ్చేదాకా ఆగే ఓపిక కూడా లేదు మనవాళ్ళకి!

ఆ ట్యాంకు కింద పెంచలనరసయ్యకి జరిగిన సంగతి ఇది.

లాక్‌డౌన్ వచ్చిన మొదటి ఏడు, మే నెల. ఊరి దారికి అడ్డంగా కంప కొట్టి వేశారు. బయటివాళ్ళు రాకూడదు, లోపలివాళ్ళు పోకూడదు. కానీ గొర్రెలకి మేత కావాలి కదా. పగలు ఎండ మాడ్చేస్తోందని, నరసయ్య తెల్లవారుజామున నాలుగింటికే మందను గుట్ట వైపు తోలుకుపోయేవాడు.

ఆ రోజు ట్యాంకు దగ్గరికి రాగానే — మంద ఆగిపోయింది.

అదిలించాడు. కదల్లేదు. కర్ర ఎత్తాడు. కదల్లేదు. ముందున్న పొట్టేలు తల పైకెత్తి చెవులు నిక్కించింది...

పైనుంచి పాట.

మగగొంతు. సన్నగా సాగి... ఆగింది. వెంటనే అదే పాట ఆడగొంతులో! మళ్ళీ మగగొంతు. మళ్ళీ ఆడగొంతు. మేస్త్రీ దెయ్యం పెళ్ళి కూడా చేసుకున్నాడా ఏంది, అనుకున్నాడట నరసయ్య. అనుకున్నాడే గానీ, ఒంటి మీద చొక్కా చెమటకి తడిసిపోయింది.

మెల్లగా తలెత్తి చూశాడు.

ట్యాంకు చుట్టూ ఉన్న నడవలో ఒక ముఖం. కిందనుంచి నీలం వెలుగు పడుతోంది. తెల్లజుట్టు విరబోసుకుని ఉంది. ముఖం మంద వైపే. చెయ్యి... తొడ మీద చరిచింది. చిటికెనవేలు ఆనించింది. పక్కవేలు. నడిమివేలు. మళ్ళీ చరిచింది. తిప్పింది. ఇంకోసారి చరిచింది, తిప్పింది. మళ్ళీ మొదట్నుంచి...

లెక్కపెడుతోంది!

నరసయ్య ఇంట్లో మందను వేళ్ళతో లెక్కపెట్టరు. పెడితే తగ్గుతాయని భయం. ఏది ఉందో ఏది లేదో ఒక చూపుతోనే పసిగడతారు. అలాంటిది, దెయ్యం కూర్చుని తీరిగ్గా లెక్కపెడుతుంటే? పొట్టేలు కొమ్ములు పట్టుకుని ఈడ్చుకుంటూ పరుగు తీశాడు. మంద వెనకే వచ్చింది.

వెలుతురు వచ్చాక ఒక్క చూపు చూశాడు. చుక్కపిల్ల లేదు.

తల్లి చచ్చిపోతే, మనవరాలు లిఖిత సీసాపాలు పట్టి పెంచుకున్న గొర్రెపిల్ల అది. ఆ పూట లిఖిత అన్నం ముట్టలేదు. సాయంత్రమూ ముట్టలేదు. రాత్రి నిద్రా పోలేదు.

నరసయ్య భార్య మాలకొండమ్మ తేల్చి చెప్పింది. "లెక్కపెట్టి తీసుకున్నాది కదా. పోయి అడుగు. పిల్ల లేకుండా మాత్రం ఇంటికి రావొద్దు."

మరునాడు అదే వేళకి, మందను ఇంటి దగ్గరే విడిచి, నరసయ్య ఒక్కడే బయల్దేరాడు. అంగళ్ళు లేవు, టెంకాయ దొరకలేదు. రెండు నిమ్మకాయలు, ఒక బెల్లం ముక్క పట్టుకున్నాడు. దెయ్యం దగ్గరికి పోతూ మూతికి మాస్కు కూడా కట్టుకున్నాడు, జాగ్రత్త మంచిదని.

పైన పాట... చరుపు... వేళ్ళు...

"అమ్మా..." నిమ్మకాయలు, బెల్లం నేల మీద పెట్టాడు. "అమ్మా... లెక్క ఆపు తల్లీ..."

పాట ఆగింది.

"ఆపితే ఎట్లా నరసయ్యా? సారు తిడతాడు."

పేరు తెలుసు! పైగా, పైన సారు కూడా ఉన్నాడు! నరసయ్య రెండు చేతులూ పైకి చాచాడు. "నన్ను తీసుకో తల్లీ... గొర్రెపిల్లని ఇచ్చెయ్. మనవరాలు నిన్నట్నుంచి మెతుకు ముట్టలా..."

పైన ఏదో కదిలింది.

ఆ తర్వాత పైనుంచి — "మే..."

మెట్ల మీద అడుగుల చప్పుడు. దగ్గరికి... ఇంకా దగ్గరికి... నరసయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చేతుల్లో వెచ్చగా, బొచ్చుగా ఏదో పడింది. కళ్ళు తెరిస్తే చుక్కపిల్ల. ఎదురుగా రమణమ్మ! దారికి దగ్గరుండి కంప వేయించిన రాజమోహన్ గారి భార్య.

"ఇది నీదా? బతికించినావు!" అంది గుసగుసగా. "నిన్న కళ్ళు మూసుకోని పాడతా ఉంటే, మెట్లెక్కొచ్చి ఒళ్ళో పడుకున్నాది. చూస్తే కింద ఎవరూ లేరు. ఊళ్ళో అడిగితే నీకెక్కడ దొరికిందంటారు గదా? అందుకే దొడ్లో దాచి, మళ్ళా ఎత్తుకొచ్చినాను, దీని సొంతవాళ్ళు వస్తారేమోనని."

"ఇక్కడేం పనమ్మా నీకు?"

"ఇంటి నిండా బెంగళూరు నుంచి వచ్చిన కొడుకులు, కోడళ్ళే. రాత్రీ పగలూ గదికొక మీటింగు. కూనిరాగం తీస్తే మ్యూట్ అంటారు. ఇక్కడైతే సిగ్నల్ ఉండాది. అరవై ఏళ్ళకి సంగీతమేందని నవ్వుతారు... ఎవరికీ చెప్పొద్దు నాయనా."

"మరి... ఆ మగమనిషి?" పైకి చూస్తూ అడిగాడు నరసయ్య.

అప్పుడు నేను దగ్గాను.

దగ్గింది రమణమ్మ చేతిలోని ఫోన్లోంచి. కోటేశ్వర్ అంటారు నన్ను, నెల్లూరులో సంగీతం మేష్టారిని. ఆ మగగొంతు నాదే, రమణమ్మకి ఫోన్లో పాఠం చెబుతున్నాను. ముందురోజు సంగతి తర్వాత నరసయ్యే చెప్పాడు గానీ, ఆ తెల్లవారుజామున జరిగిందంతా మా వంటింట్లో కూర్చుని నా చెవులతో విన్నాను. ముప్పై ఏళ్ళుగా ఆ వేళ్ళ లెక్కనే, అంటే ఆదితాళం, నేర్పుతున్నాను. దానికి భయపడి ప్రాణాలిచ్చేస్తానన్న మనిషిని మాత్రం అప్పుడే చూశాను. చూశానంటే, విన్నాను.

నరసయ్య ఇంటికి ఫోన్ చేసి, పిల్ల దొరికిందని చెప్పాడు. చెప్పి వెళ్ళిపోతాడనుకున్నా. వెళ్ళలేదు.

"అమ్మా... ఇందాక నేను అడ్డమొచ్చి ఆపినానే, ఆ పాట... మొత్తం ఒకసారి పాడతావా? మా పాప కూడా ఫోన్లో ఇంటాది."

రమణమ్మ గొంతు ఫోనుకి దగ్గరగా వచ్చింది. నాతో మెల్లగా అంది. "నన్ను పాడమని ఎవరూ అడగలా సార్. ఇదే మొదలు."

"పాడండమ్మా" అన్నాను.

మలయమారుతం రాగం ఎత్తుకుంది. మొదట వణికింది, తర్వాత నిలబడింది. రెండు చోట్ల తాళం తప్పింది. నేను నోరు మెదపలేదు. చరణంలో గొంతు పైకి వెళ్ళి నిలిచేసరికి నాకు కళ్ళు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే చుక్కపిల్ల అపస్వరంలో అందుకుంది. రమణమ్మ నవ్వేసింది. నరసయ్య నవ్వాడు. నేను నవ్వాపుకోలేక ఫోన్ కింద పడేశాను. పాట ఆగిపోయింది.

నరసయ్య ఫోన్లోంచి లిఖిత గట్టిగా అరిచింది. "అన్నం తింటా గానీ తాతా, ఆయమ్మని మళ్ళా మొదట్నుంచి పాడమను!"