సైరన్‌కు అదరని గుండె

"గోదావరిఖని వెళ్లాలి," ఫోన్‌లో అన్నాడు చీఫ్ విశ్వేశ్వరరావు. "సాక్షి పేరు ముత్యం. బొగ్గుగనిలో పేలుడుమందు పేల్చే పని చేసి రిటైరైనవాడు. డిటొనేటర్లు సరిహద్దు దాటిస్తున్న విదేశీ ముఠా నాయకుణ్ణి కళ్లారా చూసింది అతనొక్కడే. మేజిస్ట్రేట్ వచ్చి వాంగ్మూలం తీసుకునేదాకా బతకాలి."

"నాకు లీవు శాంక్షనైంది సార్."

"క్యాన్సిల్ చేశాను."

ఏజెంట్ ఉపేందర్ బ్యాగు సర్దుకున్నాడు. వాదించే ఓపిక ఎప్పుడో పోయింది.

ఆటోడ్రైవర్ వేషంలో కార్మికుల క్వార్టర్ల మూలన టీకొట్టు దగ్గర కూలబడ్డాడు. ఎండ మాడు పగలగొడుతోంది. ఎదుటి క్వార్టర్ లోపల ముత్యం ఛాతీకి అంటించిన వైర్‌లెస్ ప్యాచ్ అతని నాడిని దవాఖానకూ, ఉపేందర్ ఫోన్‌కూ పంపుతుంది. దాన్ని అంటించింది నర్సు వేషంలో ఉన్న తోటి ఏజెంట్ కృష్ణప్రియ. మహా అందగత్తె. ఈ ఎండలోనూ ఆమెకు చెమట పట్టదు, ఏం అదృష్టమో మరి.

రోజూ అదే టీ, అదే ఫోన్. మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగినప్పుడు మాత్రం ముసలాయన నాడి ఎగిరిపడేది. రిటైరై ఏళ్లయినా డ్యూటీకి లేటయిందన్న భయం పోలేదు పాపం.

ఇవాళా సైరన్ మోగింది. టీకొట్టు బల్లమీది పాత కార్మికులంతా ఉలిక్కిపడి తలెత్తారు. ఫోన్‌లో మాత్రం నాడి డెబ్బై రెండు. కదల్లేదు.

ఇది గనిలో దిగిన గుండె కాదు.

ఉపేందర్ గ్లాసు వదిలేసి పరుగెత్తాడు. క్వార్టర్ తలుపు లోపల గడియ వేసి ఉంది.

తలుపు తన్నేసరికి ప్యాచ్ కృష్ణప్రియ మెడ కింద ఉంది. ముత్యం కాళ్లూ చేతులూ మంచానికి కట్టేసి ఉన్నాయి, నోట్లో గుడ్డ. ఆమె చేతిలోని సూది అతని చర్మాన్ని తాకుతోంది. ఉపేందర్ ఆమె మణికట్టు పట్టి విరిచాడు. సిరంజి నేలమీద పగిలింది. ఆ సూది దిగినా, ప్యాచ్ పుణ్యమా అని ఆమె ఊరు దాటేదాకా ఫోన్‌లో ముత్యం బతికే ఉండేవాడు.

"ఎప్పటినుంచి వాళ్ల మనిషివి?"

"మిమ్మల్ని కలవకముందు నుంచే."

ఫోన్‌లో ఇంకా డెబ్బై రెండే. ఉపేందర్‌కు కోపం కూడా రాలేదు, ఒళ్లంతా నీరసం కమ్మింది. బయట మేజిస్ట్రేట్ జీపు ఆగింది.

గుడ్డ తీయగానే ముత్యం గుక్క తిప్పుకున్నాడు. "అన్నం తిన్నప్పటి సంది గిట్లనే కట్టేసున్న బిడ్డా. నువ్వేం చేస్తున్నవ్?"

"నిన్నే చూస్తున్న కాకా, ఫోన్ల."

"ఫోన్ల ఎందుకు, ఎనుక కిటికీ తెరిచే ఉండె గద," అన్నాడు ముత్యం.