నాలుగో పోర్టులో కరెంటు

గూఢచారి డిపార్ట్‌మెంట్ పెద్దాయన టీ కప్పు ముందు పెట్టుకుని తాగకుండా చల్లారబెడుతున్నాడంటేనే తూనీగకు అర్థమైంది, ఇది మామూలు అసైన్‌మెంట్ కాదని.

తూనీగ అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. ఎక్కడ వాలినా చప్పుడుండదని ఆ పేరు పెట్టింది ఆమె అన్న. అన్నా ఏజెంటే. దీపాల షావుకారు దగ్గర డిష్ మెకానిక్ వేషంలో చేరి, కిందటి చలికాలంలో అతని మేడ మీద నుంచి పడి చనిపోయాడు. కాలు జారిందని రిపోర్టు రాశారు. గోడల మీద పిల్లిలా నడిచే మనిషికి కాలు జారడమేమిటని తూనీగ ఎవరినీ అడగలేదు. ఆ కోపాన్ని కడుపులో పెట్టుకుని, పసిబిడ్డను సాకినట్టు సాకుతూ వచ్చింది.

"దీపాల బజారులో షావుకారు మేడకు ఎదురుగా ఉన్న హాల్లో ఇవాళ రెండు దేశాల మంత్రులు సంతకాలు పెడతారు," అన్నాడు పెద్దాయన. "పెడితే యుద్ధం ఆగుతుంది. అక్కడ బాంబు ఉందని కబురొచ్చింది. హాలంతా గాలించాం. కుర్చీల గుడ్డలు కూడా విప్పి చూశాం. దొరకలేదు."

"షావుకారును పట్టుకుంటే?"

"వాడి వెనక విదేశీ ముఠా ఉంది. వీణ్ణి పట్టుకుంటే ఇంకొకడు పేలుస్తాడు. బాంబు ఎక్కడుందో, దేంతో పేలుస్తారో ముందు తెలియాలి. వాడింట్లో టీవీ బొమ్మ ముక్కలైపోతోందట. మెకానిక్ కావాలని ఫోన్ చేసింది మన చిలక."

ఆ పేరు వినగానే తూనీగ ముఖం గోడలా బిగుసుకుపోయింది.

చిలక అంటే టీవీలో వాతావరణం చెప్పే అందగత్తె. ఆమె నవ్వుతూ రేపు ఎండ కాస్తుందంటే మబ్బులు కూడా మొహమాటపడి తప్పుకుంటాయనేవారు జనం. ముఠా తన మనుషులకు ఆదేశాలు పంపేది ఆమె నోటితోనే. పొగమంచు అంటే ఆగండి. ఈదురుగాలి అంటే కానివ్వండి. వడగళ్ళు అంటే అక్కడి మనవాడు శత్రువు వైపు తిరిగిపోయాడు, వాణ్ణి ముగించండి. ఇప్పుడు ముఠా కూడు తింటూ మనకు కబుర్లు మోస్తోంది, డబుల్ ఏజెంట్. కానీ అన్న పోయిన రోజు సాయంత్రం అదే నవ్వుతో వడగళ్ళు పడతాయని చదివింది ఆమే. ఆ రోజు చినుకైనా రాలలేదు.

"పనయ్యాక వాళ్ళిద్దరూ నాకు కావాలి," అంది తూనీగ.

"పనయ్యాక నాకు కాస్త చెవుడొస్తుంది. అంతవరకూ చెయ్యెత్తకు."

* * *

టోపీ, కంపెనీ చొక్కా, భుజాన సంచి. సంచిలో స్పానర్లు, టేపు, సిగ్నల్ మీటర్. చూడ్డానికి అందరి మెకానిక్‌ల దగ్గరా ఉండే మీటరే గానీ దాని అడుగున వైర్‌లెస్ సెట్ దాగి ఉంది.

తలుపు తీసింది, ముఠా తరఫున షావుకారు ఇంట్లోనే మకాం పెట్టిన చిలక. మెడలో ముత్యాలు, కాళ్ళకు ఎత్తు మడమల చెప్పులు, మనిషికంటే ముందు గడప దాటే సెంటు.

"నిన్న గాలి గట్టిగా వీచిందా అమ్మా?" కోడ్ వర్డ్ విసిరింది తూనీగ.

"వీచింది. వీధి మొత్తానికి మా డిష్ ఒక్కటే కదిలింది." కోడ్ సరిపోయింది. కదిల్చిన చెయ్యి ఎవరిదో కూడా తెలిసిపోయింది.

షావుకారు సోఫాలో నిండుగా కూర్చున్నాడు. ఎదుటి హాలు కిటికీలకు లోపల్నుంచి తెరలు దించేశారు. లోపల ఏ క్షణాన ఏం జరుగుతోందో తెలియాలంటే వాడికి టీవీలో లైవే దిక్కు. ఆ లైవేమో గళ్ళు గళ్ళుగా విరిగిపోతోంది.

"త్వరగా కానియ్యమ్మాయ్. సంతకాల టైమైపోతోంది."

"రిమోట్ ఇస్తారా సార్?"

"ఇవ్వను. ఏం నొక్కాలో చెప్పు, నేనే నొక్కుతా."

ఇంత డబ్బున్న మనిషి రిమోట్‌ను చంటిపిల్లాడు చాక్లెట్ దాచుకున్నట్టు గుప్పిట్లో దాచుకోవడం తూనీగ కంట పడింది. అయినా ఏమీ ఎరగనట్టు మెనూ అంది, సెట్టింగ్స్ అంది, కిందికి అంది. షావుకారు తన వేలితో తనే సిగ్నల్ జబ్బు చెప్పే డయాగ్నోస్టిక్ స్క్రీన్ తెరిచాడు. నీలం రంగు తెర మీద అంకెలు వరసకట్టాయి. వాడికవి చీమల బారులాగే కనపడ్డాయి.

బొమ్మను నమ్మకు చెల్లీ, బొమ్మ వెనకున్న స్క్రీన్‌ని అడుగు అనేవాడు అన్న. తూనీగ అడిగింది.

మొదటి పోర్టు, అంటే రిసీవర్‌కు వైరు గుచ్చే మొదటి రంధ్రం. స్ట్రెంగ్త్ ఎనభై, క్వాలిటీ పన్నెండు. సిగ్నల్ దండిగా వస్తోంది గానీ శుభ్రంగా లేదు, డిష్ ఓ పక్కకు తిరిగింది. ఇది చిలక పని. రెండు, మూడు ఖాళీ. నాలుగో పోర్టు దగ్గర తూనీగ చూపు ఆగిపోయింది. స్ట్రెంగ్త్ సున్నా. క్వాలిటీ సున్నా. కరెంటు మాత్రం పోతోంది.

డిష్ మూతికుండి సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ పనిచేయాలంటే రిసీవరే వైరు వెంట కరెంటు పంపి పోషించాలి. ఇక్కడ ఒక్క చుక్క సిగ్నల్ తేని వైరు కరెంటు గటగటా తాగుతోంది. తిండి ఇక్కడ, కొలువు ఇంకెక్కడో. కింద ఇంకో వరుస ఉంది: రిమోట్ మీది ఎర్ర బటన్ నొక్కితే నాలుగో పోర్టుకు టోన్ అనే సంకేతం వెళుతుందని. గుప్పిట్లో దాచింది రిమోట్‌ను కాదు, బాంబు మీటను.

"ఏమంటోంది?" అన్నాడు షావుకారు.

"డిష్ కాస్త అలిగింది సార్. పైకెళ్ళి బుజ్జగిస్తా."

* * *

దారి చూపిస్తానని చిలక వెంట వచ్చింది. మేడ మీద నాలుగో వైరు పిట్టగోడ వెంట పాకి, వీధికి అడ్డంగా కట్టిన రంగు దీపాల తోరణంలో దూరి, ఎదుటి హాలు కప్పు కిందికి వెళ్ళిపోయింది.

"ఆ హాల్లో దీపాలెవరివి?"

"నడిమధ్య పైకప్పుకు వేలాడే దీపాల గుత్తి, పెద్ద షాండ్లియర్ ఉంది. వీడే కానుకిచ్చాడు."

కుర్చీలు విప్పినవాళ్ళు తలెత్తి చూడలేదన్నమాట.

పిట్టగోడ దగ్గర వైరుకు ఒక జాయింట్ ఉంది. టేపు ఎడమవైపుకు చుట్టి ఉంది. లోకంలో మెకానిక్‌లందరూ కుడికి చుడతారు. ఎడమచేతివాటం అన్న ఒక్కడే ఇలా చుట్టేవాడు. వైరు వేసిందీ అన్నే, డిష్ లేని వైరెందుకని అనుమానపడి విప్పబోయిందీ అన్నే. టేపు సగం విప్పి ఉంది. మిగతా సగం ఎండకు గట్టిపడిపోయింది.

తూనీగ గిర్రున తిరిగి చిలకను డిష్ స్తంభానికి అదిమింది. స్క్రూడ్రైవర్ మొన ముత్యాల మధ్య ఆనింది.

"నువ్వు చదివిన మాటకు పోయాడు మా అన్న."

"అవును," అంది చిలక, కళ్ళు దించకుండా. "ఆ మాటకు అర్థం నాకు ముఠావాళ్ళు మర్నాడు చెప్పారు, పగలబడి నవ్వుతూ. ఆ రోజే మీ పెద్దాయన దగ్గరకొచ్చా. చంపుతావా, చంపు. ఇవాళ్టి బులెటిన్ చదివాక చంపు. అందులో నాకో పనుంది."

స్తంభం కిర్రుమంది. కింద నుంచి షావుకారు కేక. "వచ్చింది, వచ్చింది. అలాగే ఉంచు."

 ఇద్దరి పెనుగులాటలో డిష్ తిరగాల్సిన వైపే తిరిగింది. ఇక పెన్ను కాగితాన్ని తాకడమే ఆలస్యం, వాడు నొక్కేస్తాడు.

వైరు కోయడానికి లేదు. ఎప్పుడూ కరెంటు తాగించి నిద్రపుచ్చారంటే, కరెంటాగితే బాంబు దానంతటదే లేచి పేలుతుంది. తూనీగ మీటర్ తీసింది. డిష్‌లను పరీక్షించే మీటరు కూడా అంతే కరెంటు పోయగలదు. జాయింట్ పక్కన మీటర్ కలిపి, రిసీవర్ వైపు నట్ పట్టుకుని తిప్పింది. తుప్పు. కదల్లేదు. చిలక కూడా వచ్చి చెయ్యేసింది. నాలుగు చేతులు తిప్పితే వేళ్ళ తోలు ఊడింది గానీ నట్ ఊడలేదు. ఇంకొక్క పట్టు. ఊడింది.

"పెద్దాయనా, షాండ్లియర్," అంది, మీటర్ అడుగు నుంచి ఊడదీసిన వైర్‌లెస్ సెట్‌లోకి. "నేను పాలు పడుతున్నా, పడుకుంది. మనవాళ్ళను హాలు అటక మీదికి ఎక్కించండి."

వీధి అవతల చప్పట్లు మోగాయి. కింద గదిలో టిక్, టిక్, టిక్.

బులెటిన్ టైమైందని చిలక వెనక మెట్ల మీదుగా స్టూడియోకు పరుగెత్తింది. తూనీగ దిగేసరికి షావుకారు ఎర్ర బటన్‌ను పొడుస్తూనే ఉన్నాడు.

"దాని వైరు నా దగ్గరుంది సార్."

వాడి చెయ్యి కోటులోకి పోయింది. స్పానర్ మణికట్టు మీద పడింది. పిస్తోలు తివాచీ మీద పడింది. తూనీగ వాణ్ణి కేబుల్ వైరుతోనే సోఫాకు బిగించింది.

"మీ అన్నయ్యదీ ఇదే ముక్కు," అన్నాడు షావుకారు, నొప్పిలోనూ నవ్వుతూ. "నేను తోసినప్పుడు కూడా టేపు వదల్లేదు పాపం. నన్ను కోర్టుకేగా ఈడుస్తావు? మావాళ్ళు నాలుగు రోజుల్లో ఇంటికి తెచ్చుకుంటారు."

పిస్తోలు తూనీగ చేతిలో చాలాసేపు బరువుగా ఉంది. తర్వాత దాన్ని పక్కన పెట్టి, మేడెక్కి డిష్‌ను వెంట్రుకవాసి సర్దింది. వచ్చి వాడి పక్కనే కూర్చుంది. క్వాలిటీ తొంభై.

కొంతసేపటికి టీవీలో వాతావరణం మొదలైంది. ముత్యాలు సర్దుకుని చిలక నవ్వింది. "ఇక నగరం విషయానికొస్తే, దీపాల బజారులో భారీగా వడగళ్ళు పడతాయి."

షావుకారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అబద్ధం. నేనెవరి వైపూ తిరగలేదు."

"మా అన్న పోయిన రోజు చినుకైనా రాలలేదు. అయినా వడగళ్ళు పడలేదా?" అంటూ తూనీగ వాడి కట్లు విప్పసాగింది. "వెళ్ళండి సార్. మీవాళ్ళు వస్తుంటారు. తలుపు తీసే ఉంది."

"విప్పకు తల్లీ. నీకు దణ్ణం పెడతా. జైల్లో పెట్టు. అందరి పేర్లూ చెబుతా."

వైర్‌లెస్ సెట్ గురగురలాడింది. "షాండ్లియర్ దిగింది. నా చెవుడింకా తగ్గలేదు. కంప్లెయింట్ క్లోజ్ చేసేయనా?"

"చేసేయండి," అంది తూనీగ, టోపీ సర్దుకుంటూ. "బొమ్మ అద్దంలా వస్తోంది. కస్టమరే చూడలేకపోతున్నాడు."